మేస్త్రీ పోసిన గుక్క

డాన్ ఎలాదియో ఇటుకల బట్టీకి ఏళ్ల తరబడి మేస్త్రీగా ఉన్న అన్సెల్మోకి ఒక అనుమానం పని మానేసేదాకా తీరలేదు. తను గొంతు చించుకున్నా కదలని జనం, బ్లాసిదా ఒక్క మాటంటే ఎందుకు కదులుతారు? ఆవిడ మేస్త్రీ కాదు, మేస్త్రీ పెళ్లామూ కాదు. పొద్దుట్నించి సాయంత్రం దాకా అచ్చు బల్ల దగ్గర నిలబడి ఇటుకలు కోసే మనిషి. జుట్టులో మట్టి, గోళ్లలో మట్టి, పమిటలా కట్టుకున్న గోనెపట్టాలో మట్టి.

ఒకసారి మట్టి కలిపే మోటారు చెడిపోయింది. వాన రాకముందే గుంటలో మట్టంతా కాళ్లతో తొక్కి అచ్చులకి అందించాలి. చలికాలం. గుంటలో నీళ్లు తాకితే ఎముకలు కొరికేస్తున్నాయి. అన్సెల్మో టోపీ తీసి నేలకేసి కొట్టి, "దిగండి, దిగండి!" అని అరిచాడు. ఒకడు చెప్పు తెగినట్టు కిందికి వంగాడు. ఇంకొకడు మబ్బు ఎటు పోతోందో చూడసాగాడు. అప్పుడు బ్లాసిదా చెప్పులు విడిచి, పావడా ఎగదోపి, గుంటలోకి దిగి, కెవ్వుమని ఒక కేక పెట్టింది.

"ఓరి నాయనోయ్! ఒరేయ్, మీలో ఎవడి కాళ్లు ఎక్కువ కంపు కొడతాయో వాడు ముందు దిగాలిరా. ఈ మట్టికి కాస్త ఘాటు తగలాలి!"

నవ్వుతూ, ఒకరినొకరు తోసుకుంటూ అందరూ దిగారు. కాసేపటికి అన్సెల్మో కూడా పంట్లాం పైకి మడిచి దిగాడు. తను ఎందుకు దిగాడో ఆయనకే అర్థం కాలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బ్లాసిదా నోరు అంత మంచిదేమీ కాదు. బట్టీ ఉన్న ఊరు తొబాతీలోనే పుట్టింది, పదిహేనేళ్లు నిండకుండానే వాళ్లమ్మ వెంట బట్టీకి వచ్చింది. మొగుడు సారవ కట్టే పనికని బ్వేనస్ ఐరిస్ వెళ్లి, మొదట్లో ఫోన్లు చేసి, తర్వాత పండగలకి చేసి, తర్వాత అసలే మానేశాడు. ఇద్దరు ఆడపిల్లల్ని ఆ మట్టిలోంచే పెంచి పెళ్లిళ్లు చేసింది. ఎవర్నైనా ఎంత మాటైనా అంటుంది. అయితే ఎవరైనా ఆవిణ్ణి అంతకు రెట్టింపు అంటారు. పక్క బల్ల మీద ఇటుకలు కోసే నిమియా అయితే తిట్టకుండా ఒక్క పూట గడపదు. "ఆ పలక ఇటు జరపవే" అంటే, "నీ చేతులు కుక్కలెత్తుకుపోయాయా?" అంటూనే జరుపుతుంది. బట్టీ మంట చూసే రైనేరియో సంగతి సరేసరి. వాడి పెద్దకొడుక్కి చర్చిలో జ్ఞానస్నానం చేయించినప్పుడు బిడ్డని ఎత్తుకున్నది బ్లాసిదాయే. అందుకని వాడు ఆవిణ్ణి "కొమాద్రే" అంటాడు, ఆవిడ వాణ్ణి "కొంపాద్రే" అంటుంది. పిలుపు మర్యాదగానే ఉంటుంది, ఆ తర్వాత వచ్చే మాటల్లోనే మర్యాద ఉండదు.

ఇంకో సంగతి చెప్పాలి. బ్లాసిదాకి దేన్నీ ఊరికే వదలడం చేతకాదు. చిన్నప్పుడు పొదిగే కోడిని మాటిమాటికీ లేపి, కింద గుడ్లు ఏం చేస్తున్నాయో చూసి, వాళ్లమ్మ చేత తన్నులు తింది. పెద్దయ్యాక కూడా ఆ గుణం పోలేదు. ఏదైనా అర్థం కాకపోతే కెలికి చూడాల్సిందే.

అన్సెల్మో మోకాలి నొప్పులతో ఇంట్లో కూలబడ్డాక, డాన్ ఎలాదియో తమ్ముడి కూతురు లిస్ పట్నంలో చదువు ముగించుకుని బట్టీ వ్యవహారం చూడ్డానికి వచ్చింది. మంచి పిల్ల. కుర్చీలో కూచోకుండా కొన్నాళ్లు బట్టీ అంతా తిరిగింది. తిరిగి తిరిగి ఒకరోజు బ్లాసిదా బల్ల దగ్గర నిలబడింది. పెద్దావిడ కాబట్టి పేరు ముందు 'న్యా' చేర్చి మర్యాదగా అడిగింది.

"న్యా బ్లాసిదా, మీరు మేస్త్రీగా ఉంటారా?"

బ్లాసిదా అచ్చులో మట్టి కొడుతూనే నవ్వింది. "నేనా? నాకు టోపీ నప్పదు తల్లీ. తల పెద్దది."

"టోపీ ఎందుకు? ఇక్కడందరూ మీ మాటే వింటారు. నేను చూశాను."

"నా మాటా? ఇదిగో, దీన్నడుగు. ఏమే నిమియా, నా మాట ఎప్పుడైనా విన్నావా?"

"చస్తే వినను," అంది నిమియా.

"చూశావుగా!"

"ఆవిడ విననంటూనే పని చేస్తుంది. అన్సెల్మోకి 'సరే' అని చెయ్యకుండా ఊరుకునేవాళ్లు. పెదనాన్నకి కూడా చెప్పాను. మేస్త్రీ అయితే మట్టి ముట్టుకోనక్కర్లేదు. నీడలో ఉండి చూసుకోవచ్చు."

ఆ ఆఖరి మాట దగ్గర బ్లాసిదా చెయ్యి ఆగింది. ఆవిడ కుడిచేతి రెండు వేళ్లు అప్పటికే వంగడం మానేశాయి. చలికాలం పొద్దున్నే తడి మట్టిలో చేతులు పెట్టాలంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. రాత్రిళ్లు మోకాళ్లకి పంది కొవ్వు రాసుకుని పడుకునేది. మట్టి ముట్టుకోనక్కర్లేదు! ఆశపడింది. దాచడమెందుకు, బాగానే ఆశపడింది. మర్నాడే ఒప్పుకుంది.

మొదటి రోజు ఉతికిన జాకెట్టు వేసుకొచ్చింది. అందరూ ఈలలు వేశారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ వారం గడిచేసరికి బ్లాసిదాకి ఏదో తేడా కొట్టింది. ఏమిటో పట్టుకోలేకపోయింది. పని జరుగుతోంది. ఆ మాటకొస్తే మునుపటికన్నా చప్పుడు లేకుండా జరుగుతోంది. అదే తేడా. చప్పుడు లేదు.

ఒకరోజు కావాలనే నిమియా బల్ల దగ్గరికెళ్లి, ఎప్పటి గొంతుతో, ఎప్పటి మాటే అంది. "ఆ పలక ఇటు జరపవే."

నిమియా పలక జరిపింది. "ఇక్కడికి చాలా?" అని అడిగింది.

"నా చేతులు కుక్కలెత్తుకుపోలేదా?"

నిమియా పళ్లు కనిపించకుండా నవ్వి, మళ్లీ అచ్చు మీదికి వంగింది. బ్లాసిదాకి ఆ నవ్వు అస్సలు నచ్చలేదు. అన్సెల్మో జోకులేసినప్పుడు తామంతా నవ్విన నవ్వు అది.

ఇంక ఆవిడ కెలకడం మొదలుపెట్టింది. మాట అదే, గొంతు అదే, మనిషి అదే. మరి వినేవాళ్ల చెవుల్లోకి వెళ్లేసరికి ఏమవుతోంది? కట్టెలు మోసేవాళ్లని "కాసిని కట్టెలు తెచ్చిపెట్టండ్రా" అంటే, "ఎన్ని?" అని అడిగేవాళ్లు. పది అంటే పదే తెచ్చేవాళ్లు. పూర్వం కాసిని అంటే బట్టీ నోరు నిండేది. "వాన వచ్చేలా ఉంది" అని మబ్బుకేసి చూస్తూ ఊరికే అంటే, నలుగురు లేచి పచ్చి ఇటుకల మీద పరదాలు కప్పేశారు. ఆ రోజు చినుకు కూడా పడలేదు. ఎండకి ఆరాల్సిన ఇటుకలు సాయంత్రం దాకా పరదా కింద ఉడికాయి, ఒక్కరూ తీద్దామనలేదు.

అది చూశాక ఆవిడ బుర్రలో పురుగు దొలిచింది. మర్నాడు పెద్ద పాక దగ్గరికి వెళ్లింది. ఆ పాక దక్షిణం చూరు కారుతుందని బట్టీలో కుక్కలకి కూడా తెలుసు, వానొస్తే అవి కూడా అక్కడ పడుకోవు. సరిగ్గా ఆ చూరు చూపించి, "ఆరిన ఇటుకలన్నీ తెచ్చి ఇక్కడ పేర్చండి" అంది. అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఇప్పుడు తిడతారు, ఇప్పుడు ఎవరో ఒకరు "మతి పోయిందా?" అంటారు అని ఎదురుచూసింది.

ఎవరూ అనలేదు. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నిమియా పెదవి విరిచింది, వెంటనే సర్దుకుంది. ఇటుకలు మోసుకొచ్చి ఆ కారే చూరు కింద గోడలా పేర్చేశారు, వంక పెట్టడానికి లేకుండా.

బ్లాసిదాకి భయమేసింది. పిచ్చి పని చెప్పినా చేస్తున్నారే! మళ్లీ అవన్నీ తీయించి లోపల పెట్టించింది. ఎందుకో చెప్పడానికి మొహం చెల్లలేదు. ఎవరూ అడగనూ లేదు. మోసిందే మోసి, నడుములు పట్టుకుని ఇళ్లకి పోయారు.

ఇంతలో ఆగస్టు వచ్చింది. చలికాలం చివర వచ్చే ఆగస్టు అక్కడ బక్క ఆవుల నెల. పశువుల్నీ ముసలివాళ్లనీ జబ్బువాళ్లనీ ఎత్తుకుపోతుంది. అందుకని ఒకటో తారీఖు పొద్దున్నే, పరగడుపున, చెరకు సారాలో సదాపాకూ నిమ్మకాయా వేసి ఊరబెట్టిన కర్రులిం మూడు గుక్కలు తాగాలి. తాగినవాడి జోలికి ఆగస్టు రాదు. ఏ ఇంటికెళ్లినా పోస్తారు. పోసింది వద్దనడం ఆ ఇంటిని శపించడంతో సమానం. చర్చిలో ఫాదరు కూడా ఆ రోజు పూజకి కాస్త ఆలస్యంగా వస్తాడు.

ఏటా బ్లాసిదా తన సీసాతో బట్టీలో అందరికీ పోస్తుంది. ఆ ఏడు మేస్త్రీ జీతం చేతిలో ఉంది కాబట్టి మంచి సారా కొంది. వారం ముందే ఊరబెట్టింది. అందరికీ తన చేత్తో పోసింది. అచ్చు బల్లల దగ్గర పోసింది, కట్టెల దగ్గర పోసింది, చివరికి బట్టీ నోటి దగ్గరికి వెళ్లింది. అప్పటికి రెండు రోజులుగా బట్టీ మండుతోంది. రైనేరియో పొద్దుటి వంతుకి వచ్చి కట్టెలు ఎగదోస్తున్నాడు. ఇటుక ఎర్రబారే సమయం అదే. మంట ఒక్క తీరుగా ఉండాలి, ఒక్క గంట తగ్గినా అంతే సంగతులు.

"పట్టు కొంపాద్రే. ఆగస్టుకి నీ ఎముకలు కూడా దొరక్కూడదు."

రైనేరియో మూడు గుక్కలు తాగాడు. బ్లాసిదాకి వాడి మొహం చూస్తే ముద్దొచ్చింది. ఆ ఏడు వాడితో సరిగ్గా కబుర్లే చెప్పలేదు. "బట్టీ పేరు చెప్పి ఇంకోటి," అంది. తాగాడు. "మాత పేరు చెప్పి ఇంకోటి." తాగాడు. సీసాలో అడుగున మిగిలింది కూడా పోసింది. అదీ తాగాడు. "చల్లగా ఉండు" అని సీసా ఊపుకుంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి చలి తెచ్చే దక్షిణం గాలి మొదలైంది. ఒక్కసారిగా చలి కొట్టింది. నిమియా ముక్కు ఎగపీల్చి, "పొగ వాసన రావట్లేదేంటి?" అంది. అందరూ పరిగెత్తారు. బట్టీ నోరు తెరుచుకుని ఉంది, లోపల బూడిద మీద నాలుగు నిప్పులు. రైనేరియో కట్టెల మోపుకి ఆనుకుని, నోరు తెరుచుకుని, హాయిగా గుర్రు పెడుతున్నాడు. ముందు వరసల ఇటుకలు చలిగాలికి టప్ టప్ మని పగులుతున్న చప్పుడు బయటికి వినిపించింది.

బట్టీ గోడ మీద రేకు పలక ఒకటి వేలాడుతుంది, డాన్ ఎలాదియో వాళ్ల నాన్న కొట్టించింది. మంట దగ్గర తాగినవాడికి ఇక్కడ పని లేదు అని ఉంటుంది దాని మీద. వేరే మాట లేదు. రైనేరియో లేచి, ఆ బట్టీకేసి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా టోపీ తీసుకుని ఇంటికి పోయాడు. శనివారం లోపల లెక్క చూసి పంపెయ్యమని డాన్ ఎలాదియో దగ్గర్నించి మేస్త్రీకి కబురొచ్చింది. వాడికి నలుగురు పిల్లలు. మంట తప్ప వాడికి వేరే పని రాదు. ఒక బట్టీలో మంట ఆర్పినవాణ్ణి తొబాతీలో ఇంకో బట్టీ పెట్టుకోదు.

మర్నాడు బ్లాసిదా వాడింటికి వెళ్లింది. కోపంగానే వెళ్లింది. రైనేరియో పెరట్లో నిమ్మచెట్టు కింద కర్రపెండలం చెక్కు తీస్తున్నాడు. ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్లలో వాడు ఆవిణ్ణి చూసి లేవడం ఎప్పుడూ లేదు.

"కూచోరా! ఏంటా లేవడం! నీకు బుద్ధుందా? మంట దగ్గర ఎంత తాగాలో తెలీదూ?"

"తప్పైపోయింది."

"తప్పైపోయిందంటే ఇటుకలు కాలతాయా? అసలు నా దగ్గరికొచ్చేసరికే ఎంత తాగావు?"

రైనేరియో వేళ్లతో కర్రపెండలం తొక్క నలిపాడు. "ఇంట్లో మూడు గుక్కలు. మా అత్తగారింట్లో మూడు. దార్లో బార్బరు పోశాడు. అక్కడితో చాలనుకున్నాను. బట్టీకొచ్చేసరికి నాకు తెలుస్తూనే ఉంది, ఇంకొక్క చుక్క తాగితే పడతానని."

"మరి తెలిసి ఎందుకు తాగావురా?"

"మీరు పోశారు కదా."

"పోస్తే? ప్రతి ఏడూ పోస్తాను కదా. పోయినేడు రెండోది పోస్తే ఏమన్నావు నువ్వు?"

"'అవతలికి పోవే, నువ్వే తాగి చావు' అన్నాను."

"మరి ఈ ఏడు నోరు పడిపోయిందా?"

రైనేరియో కత్తి కింద పెట్టాడు. తర్వాత నేలకేసి చూస్తూ చెప్పాడు. "పోయినేడు మా కొమాద్రే పోసింది. నిన్న మేస్త్రీ పోసింది. మేస్త్రీ నాలుగోది పోస్తూ నవ్వుతుంటే ఎలా కాదనను? ఒకవేళ పరీక్ష చేస్తున్నారేమో, కాదంటే మనసులో పెట్టుకుంటారేమో. ఎవరికి తెలుసు? మొన్న కారే చూరు కింద ఇటుకలు పేర్చమన్నారు. అది పిచ్చి పనని మాకు తెలీదా? అయినా పేర్చాం."

బ్లాసిదా అక్కడున్న పీట మీద కూలబడింది. కెలికి కెలికి ఆవిడ వెతుకుతున్నది దొరికింది. దొరికాక సంతోషం వెయ్యలేదు. తన సీసా అదే, తన చెయ్యి అదే, ఆ చేత్తో ప్రేమగానే పోసింది. అవతలివాడి గొంతులోకి మాత్రం అది ఆజ్ఞలా దిగింది. వాడు కాదనలేడని ఆవిడకి తెలియనే తెలియదు. ఏడుపొచ్చింది. రైనేరియో ముందరే ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. వాడు ఓదార్చడానికి కూడా జంకాడు, దాంతో ఇంకా ఏడ్చింది.

శుక్రవారం పొద్దున డాన్ ఎలాదియో వరండాలో మాతే ఆకుల కషాయం తాగుతున్నాడు. పక్కన లిస్ కూచుని ఉంది. బ్లాసిదా ముందుమాటలు లేకుండా, "తప్పు రైనేరియోది కాదు, సారా పోసింది నేను," అంది.

డాన్ ఎలాదియో తల ఎత్తలేదు. "ఒకటో తారీఖున అందరూ పోస్తారు. తాగింది వాడు."

"బలవంతం చేశారా?" అని అడిగింది లిస్.

"లేదమ్మా."

"వాడు వద్దన్నాడా?"

"అనలేదు."

"మరి తప్పు వాడిదే కదా, న్యా బ్లాసిదా?"

న్యాయమైన ప్రశ్నే. బ్లాసిదా ఆ పిల్ల వైపు తిరిగింది. "తల్లీ, ఒకటో తారీఖు పొద్దున మీ పెదనాన్న నీకు పోశాడా?"

"పోశారు."

"నీకిష్టమా అది?"

లిస్ పెదనాన్న వైపు ఓరగా చూసింది. అబద్ధం చెప్పే అలవాటు ఆ పిల్లకి లేదు. "ఆ సదాపాకు వాసనకే కడుపులో తిప్పుతుంది."

"ఎన్ని గుక్కలు తాగావు?"

"మూడూ తాగాను."

డాన్ ఎలాదియో మాతే కప్పు బల్ల మీద పెట్టేశాడు. "ఏంటీ? నీకిష్టం లేదా? చిన్నప్పట్నించీ పోస్తున్నాను, ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు పోస్తున్నారు కదా, పెదనాన్నా," అంది లిస్. అని, తనన్న మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది.

డాన్ ఎలాదియో ముందు గింజుకున్నాడు, తర్వాత పకపకా నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి గడ్డం గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. ఇటుకలమ్మే మనిషి, అంతే. "సరే, వాడుంటాడు. కానీ నా ఇటుకల మాటేంటి? స్కూలు గోడలకి లారీ సోమవారం వస్తుంది. ఉన్న కాలిన ఇటుకలతో మొదటి లోడు సర్దుతాను. రెండో లోడుకి బట్టీ సోమవారం అంటించాలి. అంటే ఆదివారం అందరూ వచ్చి ఆ పగిలినవన్నీ లాగి పారేసి, పాకలోవి పేర్చాలి. మేస్త్రీవి నువ్వు. చెప్పు వాళ్లకి."

"చెబితే వస్తారు," అంది బ్లాసిదా.

"అదేగా నాకు కావాల్సింది!"

"ఒక్కడు కూడా కాదనడు. జ్వరంతో ఉన్నవాడు కూడా వస్తాడు. అదే నాకు భయంగా ఉంది." ఆవిడ చేతులు పావడాకి తుడుచుకుంది, వాటికి మట్టేమీ లేకపోయినా. "నేను అడుగుతాను అందర్నీ, ఇంటింటికీ వెళ్లి. కానీ ముందు నన్ను ఈ మేస్త్రీ పనిలోంచి తీసెయ్యండి. ఇప్పుడే."

"పిచ్చా? ఇప్పుడే కదా అవసరం!"

"అది ఉండగా నేను అడగలేను. అడిగానని నేననుకుంటాను, హుకుం అని వాళ్లు వింటారు."

లిస్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మేస్త్రీగా ఉంటూనే వాళ్లకి చెప్పొచ్చు కదా, ఇష్టం లేకపోతే కాదనండి అని?"

"అదీ చెప్పాను తల్లీ, మొన్న. 'సరే మేస్త్రీ' అన్నారు." బ్లాసిదాకి నవ్వొచ్చింది. "చేతనైనవాళ్లు ఉంటారేమో. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. నాకు మాత్రం చేతకాలేదు."

"మరి మీ చేతులు? మళ్లీ మట్టిలోకేనా?"

బ్లాసిదా తన చేతులకేసి చూసుకుంది. ఆ వరండాలో నిలబడి ఉండగానే ఆ రెండు వేళ్లూ లాగుతున్నాయి. నీడలో కుర్చీ ఆవిడకి నిజంగానే కావాలి. అది నిలవాలని మూడు నెలలుగా రోజూ రాత్రి దేవుడికి దణ్ణం పెట్టుకుంది కూడా. అయినా "తీసెయ్యండి" అనే మళ్లీ అంది. మేస్త్రీ పని కొన్నాళ్లు తనే చూసుకుంటానని డాన్ ఎలాదియో విసుక్కుంటూ ఒప్పుకున్నాడు.

శనివారం ముందు నిమియా ఇంటికెళ్లింది. నిమియా చీపా రొట్టెలకి పిండి పిసుకుతూ, "మేస్త్రీ గారు ఇంటికే వచ్చారే," అంది.

"మేస్త్రీ లేదు. నిన్ననే పోయింది. సోమవారం నీ పక్క బల్లకి వస్తున్నాను."

"నిజంగా? ఒట్టు?"

"మాత మీద ఒట్టు."

నిమియా పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. లోపల మూడు నెలలుగా మాగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "దరిద్రపుదానా! ఆ కారే చూరు కింద ఇటుకలు పేర్పించావు చూడు, నా నడుము ఇప్పటికీ వంగట్లేదు! ఎండ కాస్తుంటే పరదాలు కప్పించావు. నీ జాకెట్టూ నువ్వూ! పెద్ద దొరసాని! అన్సెల్మోనే నయం, వాణ్ణి వెనకైనా తిట్టుకునేవాళ్లం. నిన్ను వెనక తిట్టుకోవడానికి కూడా మనసొప్పక కడుపుబ్బరంతో చచ్చాం!"

బ్లాసిదా గోడకి ఆనుకుని ఆ తిట్లన్నీ ఓపిగ్గా విన్నది. చాలా హాయిగా ఉంది ఆవిడకి. నిమియా అలిసిపోయాక, "ఆదివారం వస్తావా?" అని అడిగింది.

"వస్తాను. మధ్యాహ్నం కూడు నీదే. ఆ కర్రపెండలం గంజి పోసి సరిపెట్టకు, కోడి కొయ్యి."

ఆదివారం సంగతి ముందే చెప్పేస్తే ఆ బెంగ తీరిపోతుంది. అందరూ రాలేదు. కొందరు చర్చి అన్నారు, ఒకడు మామగారి పంది అన్నాడు, ఇంకొకడు ఏ వంకా చెప్పకుండా ఊరికే రానన్నాడు. వచ్చినవాళ్లు మాత్రం ఎవరూ ఎన్ని అని అడగలేదు. పొద్దు గూకేదాకా తిట్టుకుంటూ, అరుచుకుంటూ పగిలినవన్నీ లాగేశారు, కోడి తిన్నారు, పాకలోవి సగానికి పైగా పేర్చారు. మిగతా సగం సోమవారం పేర్చి, మంట మంగళవారం అంటించారు. రెండో లోడుకి లారీవాడు ఒక రోజు ఆగాడు. డాన్ ఎలాదియో సణిగాడు, అంతే.

శనివారం చివరి ఇల్లు రైనేరియోది. పొద్దు వాలుతోంది. వాడిల్లు చివరికి ఎందుకు పెట్టుకుందంటే, వాడు ఎలాగూ వస్తాడని ధీమా. అందరికన్నా ముందు వచ్చి కూచుంటాడని నమ్మకం. వాడు గుమ్మంలో కూచుని ఫుట్‌బాలు బూట్లకి తాళ్లు ఎక్కిస్తున్నాడు. ఈసారి లేవలేదు. అప్పటికే కబురు వాడి చెవిన పడినట్టుంది.

"ఆదివారం బట్టీ ఖాళీ చెయ్యాలిరా. వస్తావా?"

రైనేరియో తాడు ముడి వేశాడు. గీత గీసినట్టు సూటిగా ఆవిడ మొహంలోకి చూశాడు.

"కుదరదు కొమాద్రే. రేపు మా జట్టుకి ఆఖరి ఆట. గోల్ దగ్గర నేనే నిలబడాలి. రాను."

బ్లాసిదాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవడి కోసం ఇదంతా? ఎవడి మూలంగా సోమవారం మళ్లీ తడి మట్టిలో చేతులు పెట్టబోతోంది? నీ కోసమే కదరా నేను కుర్చీ వదులుకుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే చాలు, వాడు బూట్లు పక్కన పడేసి వచ్చేస్తాడు. అది ఆవిడకి బాగా తెలుసు. మొన్న ఆ నాలుగోది తాగినట్టే, మారు మాట్లాడకుండా వస్తాడు.

ఆ మాట మింగేసింది. మింగడం చాలా కష్టమైంది. అది దిగాక మాత్రం, రాను అని వాడన్న మాట ఆవిడకి మళ్లీ వినిపించింది. కళ్లలోకి చూస్తూ, జంకు లేకుండా, నువ్వెవరు అన్నట్టు అన్నాడు. కోపం పోలేదు, ఉంది. దాని పక్కనే ఇంత సంతోషం కూడా ఉంది.

"ఒక్క గోలు తిన్నావంటే చెవులు పిండుతాను సోమవారం," అంది.

"పిండు, చూద్దాం," అన్నాడు రైనేరియో.